టైము రాయి

రోజుకు ఏడు వందలు, పొద్దున ఉప్మా, రెండుసార్లు చాయ్.
పని ఏందంటే, సచ్చేటోని లెక్క పండుకునుడు.

తిరుమలగిరి అవతల మిలిటరీ గ్రౌండ్ల
బండల నడుమ నన్ను ఎల్లకిల పండవెట్టి పోతరు.
తొడ సగానికి తెగిన కాడ రబ్బరు తోలు తొడుగుతరు,
లోపలికెళ్ళి సన్న పైపు.
నెత్తురంటే చక్కెర పాకం, ఎర్ర రంగు.
సుబేదార్ కురియాకోస్ సారు పంపు నొక్కకముందే
చీమలకు ఎరుకైతది.

"చిల్లావ్" అంటడు సారు, "ఔర్ జోర్‌సే".
నిన్ను చూస్తే పోరనికి చేతులు వణకాలె అంటడు.
నాకు అరుసుడు రాదు.
మౌలాలి గేటు కాడ గూడ్సు కింద కాలు పోయిన్నాడు గూడ
నేను అరువలే.
చెప్పు ఎక్కడ పడ్డదని అడిగిన్నంట.

ఇయ్యాల నా వంతుకొచ్చినోడు పలాస దిక్కు పిలగాడు. గున్నయ్య.
మీసం ఇంకా సరిగ్గ మొలవలే.
పొగ డబ్బా పేలింది. హకీంపేట విమానం నెత్తి మీదికెళ్ళి పోయింది.
ఉరికొచ్చి, నా గజ్జల మోకాలు పెట్టి
ఒళ్ళు బరువంత దాని మీదేసిండు.
పట్టీ దొరకలే.
సంచి బోర్లిచ్చిండు: కత్తెర, గాజుగుడ్డ, సగం తిన్న బిస్కెట్ పుడ.
"ముప్పై సెకండ్లు" అన్నడు సారు గడియారం దిక్కే చూసుకుంట.
చిక్కింది. కట్టిండు. పుల్ల తిప్పిండు. ఒక చుట్టు. రెండు.
మూడో చుట్టుకు నిజంగనే పానం పోయినట్టైంది,
నిజంగనే అరిచిన.
సారు ఖుష్.

పిలగాడు మాత్రం నా చెవి కాడికి వంగి
"అయిపోనాది బావూ, కన్ను ముయ్యకు. మీదే ఊరు?" అన్నడు.
మౌలాలి అన్న.
"అక్కడేటి దొరుకుతాది?"
నవ్వొచ్చింది. ఆపుకున్న.
సచ్చేటోడు నవ్వితే కూలి కోస్తరు.

ఆ దినం పట్టాల కాడ
జామపండ్ల ఈదమ్మ కొంగు చింపి కట్టింది.
గట్టిగనే కట్టింది. పానం ఆమెదే.
గాంధీల డాక్టరు అడిగిండు: కట్టి ఎంతసేపైంది?
ఈదమ్మ చెప్పింది: కాజీపేట పుష్‌పుల్ పోయినంక.
ఆ దినం పుష్‌పుల్ లేటు.
మోకాలు ఆ లెక్కలనే పోయిందో ఏమో,
ఎవ్వరు చెప్పలే, నేను అడగలే.

"టైము! టైము రాయి!" సారు కేకేసిండు.
గున్నయ్య జేబులకెళ్ళి నల్ల పెన్ను తీసి
చీమను ఊది పక్కకు జరిపి
నా నొసటి మీద రాసిండు: పది నలభై రెండు.
చెయ్యి అప్పుడు వణికింది.

పొద్దూకినంక అందరు కడుక్కున్నరు. నేను కడుక్కోలే.
మౌలాలి బస్సుల ఎదురుంగ కూసున్నామె
నా నొసలు చూసి,
తన గడియారం చూసుకున్నది.