గొలుసు మోసేవాడు

మైదానం అంచున పసుపు చొక్కా తొడుక్కుని
పంతొమ్మిదేళ్లుగా గొలుసు మోస్తున్నాను.
పది గజాల గొలుసు, రెండు కొసలకీ రెండు కర్రలు.
ఈ కొసన నేను, ఆ కొసన చక్కెర ఫ్యాక్టరీ ఎల్డన్.
పేరుకే ఫుట్‌బాల్, బంతి కాలికి తగిలేది తక్కువ.
చంకన ఇరికించుకుని, గుద్దుకుని, కిందపడి
నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు జరిగితే
ఇంకో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి.
అంతే ఆట. మిగతాదంతా చలి.

గొలుసు పట్టినవాడు అరవకూడదు.
మొదటి రోజే రెఫరీ చెప్పాడు:
నీ జట్టేదో పార్కింగులో వదిలేసి రా.
వదిలే వచ్చానన్నాను. అబద్ధం.
మా ఆవిడ మార్లిస్ ఇరవై రెండో వరసలో
నా వంతు కూడా కలిపి అరుస్తుంది.
సోమవారం దాకా ఆమెకి గొంతుండదు.

మూడేళ్ల కింద జార్జియా నుంచి వచ్చాడు కోచ్ పెట్టిగ్రూ
మా ఉత్తరాది నవంబరుకి ఆనని పల్చటి కోటుతో.
ముందటి నలుగురూ తిని పోయిన అప్పు
ఆయన నెత్తిన పడింది.
మొదటి ఏడు పన్నెండు ఆటలకి ఒక్క గెలుపు,
అదీ అవతలివాళ్ల బస్సు మంచులో కూరుకుపోయి
ఆలస్యంగా దిగిన రోజు.

రెండో ఏడు మూడు.
ఆరితేరినవాళ్లు మూటాముల్లె సర్దుకుని వేరే కాలేజీలకి పోయారు.
మిగిలింది హెల్మెట్ బరువుకి
మెడలింకా అలవాటుపడని పిల్లలు.
మంగలి షాపులో, చర్చి కాఫీ దగ్గర, విత్తనాల కొట్లో
ఒకటే మాట: ఇంకెన్నాళ్లు?
బీట్ దుంప విత్తి వారానికే తవ్విచూసేవాడు
మా లోయలో ఒక్కడూ లేడు.
ఆయన్ని మాత్రం ప్రతి ఆదివారం తవ్వాం.

నేనూ తవ్వాను, దాచడమెందుకు.
నిరుడు యాభై ఆరుకి మూడుతో ఓడిన రాత్రి
ఆయన ఇంటిముందు గడ్డిలో ఎవరో
'అమ్మబడును' బోర్డు పాతారు.
తెల్లవారుజామున డ్యూటీకి పోతూ చూశాను.
బోర్డు నా బావమరిది కర్టిస్‌ది.
వాడి ట్రాక్టరు అమ్మకానికి నేనే రాసిచ్చిన అక్షరాలు.
ట్రక్కు ఆపి దిగాను. నేల గడ్డకట్టి ఉంది,
మూడు ఊపులకి గానీ రాలేదు.
అప్పుడే వంటింట్లో లైటు.
కిటికీలో ఆయన, చేతిలో కప్పు.
పాతేవాడిలా కనిపించానో, పీకేవాడిలానో
ఇప్పటికీ తెలియదు.
ఆయన చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను,
బోర్డున్న చెయ్యే.

మార్లిస్‌కి చెప్తే అంది:
ఓపిక అంటావు గానీ, శనివారాలు నీకు వేరే పని లేదు.
కావచ్చు. ఓపికకీ అలవాటుకీ నడుమ ఎన్ని గజాలో
కొలిచే గొలుసు నా దగ్గర లేదు.

మొన్న శనివారం వానా మంచూ కలిసి పడుతున్నాయి.
రెండు నిమిషాలుంది. మనవాళ్లు
(తప్పు, ఆతిథ్య జట్టు) నాలుగు పాయింట్లు వెనక.
నాలుగో ప్రయత్నం. కావలసింది గజం.
పెట్టిగ్రూ ఒక వేలు చూపాడు,
ఇప్పుడు మందపాటి కోటు, వీపున విత్తనాల కొట్టు పేరు.
నిరుడు ప్రతి ఆటలో వెల్లకిలా పడ్డ టోబయస్
ఈసారి పడలేదు. తోశాడు.
కుప్ప. ఈల. ఒక్కొక్కణ్ణీ లాగి కుప్ప విప్పారు.

రెఫరీ మా వైపు చెయ్యి ఊపాడు.
గొలుసుతో పరిగెత్తాం నేనూ ఎల్డనూ,
మోకాళ్లు కటకటమంటుంటే,
పదకొండు వేలమంది ఊపిరి బిగబట్టి ఉంటే.
ఎల్డన్ అక్కడ అదిమిపట్టాడు. నేనిక్కడ లాగాను.
బంతి ముక్కుకీ కర్రకీ మధ్య ఒక లంకె,
నా బొటనవేలంత.
తక్కువ.

ఓడిపోయాం.
మెట్లు దిగుతూ జనం తిట్టుకున్నారు,
కర్టిస్ గొంతు అందరికంటే పైన.
గొలుసు చుడుతూ ఎల్డన్ అడిగాడు:
మొదటి ఏడు కొలవడానికి మనల్ని ఎన్నిసార్లు పిలిచారు?
లెక్క వేసుకున్నాను. ఒక్కసారీ లేదు.
ఆరు గజాలు తగ్గితే ఎవరూ కొలవరు,
కళ్లే చెప్పేస్తాయి.

తడిసింది తుప్పు పట్టకుండా ఇంటికి తెచ్చి
షెడ్డులో నూనె రాస్తున్నాను,
నేలకి మరకంటకుండా కర్టిస్ బోర్డు బోర్లా పరిచి.
మార్లిస్‌కి గొంతింకా రాలేదు.
గుమ్మంలో నిలబడి
ఎంత తగ్గిందని చేత్తో అడిగింది.
బొటనవేలు చూపించాను.