మళ్లొకసారి ఒత్తు

తిమ్మాజిపేట చౌరస్తల
ఎరువుల దుకాణానికీ మటన్ షాపుకీ నడుమ
పదడుగుల గది నాది.
పొద్దున షట్టర్ లేపకముందే
మెట్ల మీద చెప్పులు వరుస కట్టి ఉంటయి,
మనుషులు తమ నంబరు వాటికి అప్పజెప్పి
చాయ్ తాగబోతరు.

నేను కొట్టే పుట్టినరోజులన్నీ జనవరి ఒకటే.
"ఎప్పుడు పుట్టినవ్ తాతా" అంటే
"పెద్ద గాలివాన ఏడు,
జొన్న కంకి పాలు పోసుకునేటప్పుడు" అంటడు.
ఫారం గడిలో గాలివాన పట్టదు.
జొన్న అసలే పట్టదు.
సున్న ఒకటి, సున్న ఒకటి.
మా మండలంలో సగం మందికి
ఒక్క రోజే పురుడు పోసిన మంత్రసానిని నేను.

కేతావత్ మంగ్తి కొడుకు ఇంటర్ ఫలితాలకొచ్చి
నంబరు చెప్పి గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు.
పాసైనవ్ రా అన్నా తిరుగలే.
"మార్కులు గట్టిగ చదువకన్నా,
ఆడ మా మామ ఉన్నడు."
చెన్నయ్య పహాణీలో చిన్నయ్య అయిండు;
ఒక్క అక్షరానికి నాలుగు నెలలుగా తిరుగుతుండు.
నన్నేమనడు. మౌస్‌ను తిడుతడు.

నిన్న ఈదమ్మ వచ్చింది.
బతికే ఉన్నట్టు రుజువు కావాలె, పింఛనుకు.
వేలు పెట్టింది. ఎర్ర లైటు.
మళ్లొకసారి ఒత్తమ్మా.
కొంగుకు తుడుచుకొని ఒత్తింది. ఎర్ర లైటు.
నిమ్మచెక్క రుద్దిన, కొబ్బరినూనె రాసిన,
కుడి, ఎడమ, బొటనవేలు, చిటికెనవేలు.
పది వేళ్లనూ లేవంది మిషను.
"యాడికి పోతయి బిడ్డా గీతలు" అని ఆమే నవ్వింది,
"జూరాలల కొన్ని, శ్రీశైలంల కొన్ని,
కర్ణాటకల పేరు తెల్వని కాలువ కాడ కొన్ని.
మేస్త్రి తాన అడ్వాన్సు తీస్కున్నోళ్లం గద,
రాయి, సిమెంటు ఊకెనే ముట్టనిస్తయా?"

ముప్పై ఏండ్లు
వేరేటోళ్ల కట్టలకు మట్టి మోసిన నెత్తి అది.
ఆఖరికి ఒక కట్ట
ఆమె ఊరి దాకా నడుచుకుంట వచ్చింది.

పోదామని లేచి మళ్ల కూసుంది.
"ఇండ్ల మునిగిన ఊరు కనవడ్తదంట,
మా మనుమడు చెప్పిండు.
జెర సూపియ్యరాదు."

పటం తెరిచిన.
నీళ్లు. నీలం కూడా కాదు, బురద పచ్చ.
ఒక మూలకు ఏండ్లుంటయి, వెనక్కి గుంజొచ్చు.
గుంజిన. నీళ్లు సన్నగిల్లినయి.
ఇంకో ఏడు గుంజిన.
బాట తేలింది. కొట్టాలు తేలినయి.
రేకుల కప్పులు గోరంత గోరంత మెరిసినయి.

గదిలో మాటలు ఆగినయి.
చెన్నయ్య కుర్చీ దిగి ముందటికి వంగిండు.
"పోశమ్మ గుడి గాదు, దాని ఎనకది… ఆఁ,
గీడ మా పొయ్యి."
అంత పైనుంచి పొయ్యి కనవడదు.
నేను అనలే.
చూపుడు వేలు తెర మీద పెట్టి ఒత్తింది,
మిషను మీద ఒత్తినంత గట్టిగ.

కరెంటు పోయింది.
యూపీఎస్ సచ్చి ఏడాదైంది.

నల్లటి తెర మీద తలుపులకెల్లి పడ్డ ఎండల
నూనె వేలిముద్ర ఒకటి.
గీతలున్నయి.
పల్చగ, తెగి తెగి, నడిమిట్ల ఒక సుడి,
దున్నక ఇడిసిన చెల్క సాళ్ల తీరు.
చెప్పబోయిన.
ఏం చెప్పాలె? ఈ గాజును
ఏ ఆఫీసుకు పంపాలె?

"కరెంటొచ్చేదాంక కూసోవాల్నా, రేపు రావాల్నా"
అని చెప్పుల కోసం వంగింది.
రేపే రమ్మన్న.

కరెంటొచ్చినంక
రెండు ఆదాయం కాయితాలు తీసిన,
ముంబై బస్సుకు ఒక టికెటు, కిటికి పక్కది.
తెర తుడిచే బట్ట చేతి కిందనే ఉంది.
మెడ కొంచెం పక్కకు వంచి
ఆ మచ్చ అంచులెమ్మటి
నంబర్లు చదువుకుంటున్న.