అరంగుళం

వేలంకొట్టు పాపయ్య
గోనెసంచిలో చుట్టి తెచ్చాడు.
"దొర గీసిన బొమ్మ గురువా,
మసి వదిలించి పటం కట్టు, సాలు."
కుడి మూలన ఇంగ్లీషులో: ప్రెంటిస్.

మూడు రోజులు
దూది, ఉమ్మి, ఓపిక.
ముదిరిన బెల్లప్పాకంలాంటి వార్నిష్ కిందనుంచి
ముందు యారాడ కొండ నీలం తేలింది,
తర్వాత సముద్రంలోకి చాచిన దాని ముక్కు,
ఆ కింద
హార్బరు లేదు.
క్రేన్లు లేవు, ఇనపరాయి ఎర్రదుమ్ము లేదు,
ఓడ లోపలికొచ్చే కాలవే లేదు.
ఉప్పుటేరు, మడపొదలు,
పోటు తీశాక బురదమీద మిగిలే వెలుతురు.
అవతలొడ్డున ఎర్రచుక్క
మసే అనుకుని తుడిచెయ్యబోయాను.
పీతలు పట్టే ఆడమనిషి.
నడుం వంచి ఉంది, ఇంకా లేవలేదు.

వెనక్కి తిప్పితే గుడ్డ కాదు, తెరచాప.
నడిమధ్యన పడవవాళ్ల కుట్టు.
దొర తెరచాపమీద గీస్తాడా?

చట్రం మేకులు ఊడబీకాను.
తొంభై ఏళ్లు కొయ్యకింద నక్కిన అరంగుళంలో
సూదితో గీరి, గీతల్లో నల్లలక్క నింపి,
దంతప్పెట్టెమీద లత చెక్కినట్టు
తెలుగక్షరాలు.
లక్కోజు సన్యాసాచారి.

కురుపాం మార్కెట్ వెనకసందులో
ఆయన మనవరాలు చింతపండు పిక్కలు తీస్తోంది.
చెయ్యి ఆపకుండానే చెప్పింది:
"తాతది దంతంపని.
దంతం పోయి కొమ్ము, కొమ్ము పోయి ఏటీ నేదు.
హార్బరు ఆపీసులో మేపులు దిద్దీవోడు.
ఎక్కడ తవ్వాలో గీత గీసిందీ తాతే.
దొరగోరికి బొమ్మ కావాలంటే బొమ్మేసీవోడు.
దొర సంతకం కూడా తాతే ఎట్టీవోడు,
ఆయనకి సెయ్యి వణుకంట!"
నవ్వింది. పిక్కొకటి జారి
గచ్చుమీద దొర్లుకుంటూ పోయింది.

పగలు తవ్వకానికి గీత,
పొద్దువాలాక
తవ్వబోయే బురదకి రంగు.
ఒకటే చెయ్యి.
ఇంటికెళ్లి అన్నం ఎలా కలుపుకున్నాడో
అడగాలనుకున్నాను. అడగలేదు.

"తెలుగుపేరు కనపడితే
చట్రం డబ్బులు కూడా రావు," అన్నాడు పాపయ్య,
"మూసెయ్ గురువా."

టేకుబద్ద కొలిచాను. రంపం పట్టాను.
నలభై ఏళ్లుగా నూలుపోగంత తేడా ఎరగని చెయ్యి
ఈసారి
సరిగ్గా అరంగుళం తప్పింది.

కూలి కోస్తానన్నాడు.
కొయ్యనీ.