వానకి వదిలిన సందు

ఇరవై రెండేళ్లు ఇనుమే కోశాను.
ఇనుముతో గొడవ సూటిగా ఉంటుంది.
అరుస్తుంది, నిప్పులు కక్కుతుంది,
ఆఖరికి ఇచ్చిన కొలత మీద నిలబడుతుంది.
బెజవాడ ఆటోనగర్లో, నాగుల్ మీరా గారి రేకుల షెడ్డులో
నాకు అబ్బిన భాష అదొక్కటే.

ఆ ఏడు మే నెలలో
గుంటూరు కారం మిల్లు నుంచి శేషారత్నమ్మ గారొచ్చారు,
కొంగుకి ముక్కు తుడుచుకుంటూ.
"ఇనుప దిమ్మలు అరిగి సరుకులో రజను రాలుతోందయ్యా.
తెల్ల నైలాన్‌తో పన్నెండు చేసిపెట్టు.
నలభై మిల్లీమీటర్ల గాడిలో జారాలి. అంతే."

అంతే అన్న చోటే
నా చదువు మళ్లీ ఓనమాల నుంచి మొదలైంది.

అలవాటు కొద్దీ వైస్ పిడి మీద ఒళ్లంతా వేసి బిగించాను.
కోసినంతసేపూ బుద్ధిగా, చదునుగా ఉంది.
వదలగానే ఒళ్లు విరుచుకుని
బల్ల మీద ఊగింది, కుర్చీ పొట్టి కాలులా.

ఇనుము నమిలి మొద్దుబారిన కట్టరు పెడితే
అది కోయలేదు, రుద్దింది.
అంచులకి నూగు లేచింది,
కురగాడి పై పెదవి మీద మొదటి మీసంలా.
పీలిక తెగదు.
చుట్టుకుని, చుట్టుకుని, చుట్టుకుని
తెల్ల తలపాగా పెట్టి తిరిగింది కట్టరు.
ప్రభుదాసు పగలబడి నవ్వాడు.
మిషను ఆపి కొక్కెంతో లాగుతూ
తిట్టబోయి నేనూ నవ్వాను.

కొత్త కట్టరు కొన్నాను. రెండే పళ్లు, గాజుపెంకంత పదును.
ఇనుముని తాకనివ్వకుండా
గుడ్డ చుట్టి విడిగా డబ్బాలో దాచాను.
మడీ ఆచారం నేను ఒప్పుకోను,
ఆ కట్టరు దగ్గర మాత్రం పాటించాను.
మామిడిపండు మాగిందో లేదో నొక్కి చూసే చేత్తో
వైస్ బిగించాను.
గాలి గొట్టం పట్టుకుని ప్రభుదాసు
పీలికల్ని ఊదుతూనే ఉన్నాడు, భోజనాల వేళ దాటినా.

రేకుల కింద మధ్యాహ్నం రెండింటికి కొలిస్తే ఒక లెక్క,
తెల్లవారి ఆరున్నరకి కొలిస్తే ఇంకో లెక్క.
తెల్లవారి లెక్కే నమ్మాను.
ముప్పైతొమ్మిది పాయింట్ తొమ్మిది.
పన్నెండూ ఒక్క కాన్పు బిడ్డల్లా.
బిల్లు మీద సంతకం పెడుతుంటే
కాస్త గర్వపడ్డాననే చెప్పాలి.

జూలై. నాలుగు రోజుల ముసురు.
ఫోను: "దిమ్మలు కదలట్లేదయ్యా."

బస్సులో వెర్నియర్ ఒళ్లో పెట్టుకుని వెళ్లాను.
సుత్తితో తట్టి తీసిన దిమ్మని
తుమ్ముతూ, కళ్లు మండుతూ, మూడుసార్లు కొలిచాను.
నలభై దాటింది.
నా చేయి తప్పలేదు. నెల మారింది.
గాలిలోని నీళ్లు తాగి, ఎవరికీ చెప్పకుండా
ఒళ్లు చేసింది నైలాను.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అంది:
"మా మిరపకాయా అంతే కదయ్యా.
ఏప్రిల్లో తూచిన బస్తా
వానల్లో రెండు కిలోలు ఎక్కువ తూగుతుంది.
తేమ తీసేసి మేం లెక్క కడతాం.
మీరు కట్టరా?"

ఇరవై రెండేళ్ల తరవాత
కాటా పక్కన, గోనె సంచుల మీద కూర్చుని
టీ తాగుతూ ఆ పాఠం విన్నాను.

పన్నెండింటినీ సంచిలో వేసుకొచ్చి మళ్లీ కోశాను.
ఈసారి వానకి సందు వదిలాను.
ఎంత అని పుస్తకంలో చూసుకోలేదు.
ముసురు పట్టిన రోజునే కోసి
పోస్టుకార్డు ముక్క దూరేంత వదిలాను.

మళ్లీ మే వచ్చింది. మళ్లీ ఫోను.
"జారుతున్నాయి గానీ
గలగలమంటున్నాయయ్యా, గాజుల్లాగా."

"అననివ్వండమ్మా," అన్నాను,
"అవి వాన కోసం ఉంచిన ఖాళీ."

అటు ఆవిడ తుమ్మిందో నవ్విందో తెలియలేదు.
ఇటు ప్రభుదాసు చీపురుతో
తెల్ల పీలికల్ని ఊడుస్తున్నాడు.
ఫ్యాను గాలికి అవి తిరిగి
వాడి కాళ్ల దగ్గరికే వస్తున్నాయి.