మోనో

ఆదివారం పొద్దున్నే, పూర్ణా మార్కెట్ వెనక సందులో
కొత్తిమీర కట్టల తడి ఆరకముందే
ఎల్లాజీ పాతసామాన్ల కొట్టు ముందు
గొంతుక్కూర్చుంటాను.
రెక్క విరిగిన ఫ్యాన్లు, ఓడల నుంచి దిగిన ఇత్తడి లాంతర్లు,
మూతల్లేని ప్రెషర్ కుక్కర్లు.
వాటి కింద అట్టపెట్టెలో, నిలువుగా
ప్లేట్లు.

మొదట్లో కిలోల లెక్కనే ఇచ్చేవాడు.
ఓసారి ఒకదాన్ని అరచేతుల అంచులతో పట్టుకుని
ఎండకి ఏటవాలుగా తిప్పి చూశాను.
అదే నా తప్పు.
"పసిగుడ్డునెత్తినట్టు ఎత్తినావు బాబూ" అన్నాడు.
ఆ వారం నుంచే ధర మారింది.
ఇప్పుడు మొహాన్ని రాయి చేసుకుని వెతుకుతాను.
కావలసింది కంటపడగానే
పక్కనున్న గరిటెని బేరమాడతాను.
మా ఇంట్లో ఇప్పటికి పదకొండు గరిటెలు.

ఈ ఊళ్లో పాటకీ సముద్రం పడుతుంది.
అట్టల మీద బూజు దేశాల పటాలు గీస్తుంది.
తుఫాను ఏడు తడిసినవైతే మరీను,
ఒకదానికొకటి అతుక్కుపోయి
విడదీస్తే వీణ పట్టుకున్నావిడ సగం మొహం
నాదస్వరం ఆయన భుజమ్మీదకి వచ్చేసింది.
ఆ రెండూ అలాగే ఉంచుకున్నాను.

ముప్పై ఒక్క ఏళ్లు హార్బర్లో క్రేను తోలినవాణ్ణి.
ఓడ కడుపులోకి ఇనపరాయి కురిసే చప్పుడికి
కుడి చెవి ఏ రోజున పోయిందో తెలీదు.
ఓ సాయంత్రం ఫోను ఆ చెవికి ఆనించుకుని
అవతలి మనిషి అలిగిందనుకున్నాను.

స్టీరియో అని ఉంటే నాకు సగమే.
వయొలిన్ అటువైపే నిలబడిపోతుంది
గడప దాటమంటే మొహమాటపడే చుట్టంలా.
మోనో అలా కాదు.
గొంతూ, మద్దెలా, వెనక తంబురా,
రికార్డు చేసిన గదిలో ఎవరో ఆపుకోలేక దగ్గిన దగ్గూ
అన్నీ ఒక్క దారినే వస్తాయి.
ఒక్క చెవి చాలు.
అందుకే అట్ట మూలల్లో ఆ రెండక్షరాలు వెతుక్కుంటాను,
బియ్యంలో రాళ్లు ఏరినంత శ్రద్ధగా.

మొన్న ఒక హరికథ దొరికింది.
ఆ దాసుగారి పేరు నేనెప్పుడూ వినలేదు.
అట్ట వెనక నీలం సిరాతో
కె. సత్యవేణి, టర్నర్ సత్రం ఎదర వీధి, 1966.
దాని కింద పెన్సిలుతో, మరో రోజుది కాబోలు,
"రెండో వైపు, సగం దాటాక, ముల్లు ఎత్తవలెను."
గరిటె ఇరవైకి తెగింది.
ప్లేటు నూట యాభైకి.

కుంకుడు రసంలో మా నాన్న గెడ్డం బ్రష్షు ముంచి
గాడి వెంబడే గుండ్రంగా తోమాను.
రెండు అద్దాల మధ్య పెట్టి
మీద పప్పు డబ్బా బరువుంచాను.
మర్నాటి సాయంత్రం ఎల్లాజీ వచ్చాడు,
"ఈటిని ఏటి సేసుకుంటన్నావో సూసిపోదామని."
ఇన్నేళ్లూ తూచి అమ్మాడే గాని
ఒక్కటీ విన్నవాడు కాదు.
వచ్చి నా కుడిపక్కన కూర్చున్నాడు.

సగం దాటింది.
ఆవిడ ఎత్తమన్న చోటు వచ్చింది.
నేను ఎత్తలేదు.
పిలిచె, అన్నాడు దాసు.
పిలిచె. పిలిచె. పిలిచె.
ఎవర్ని పిలిచారో గీత దాటి రాలేదు.
కిటికీలోంచి హార్బరు వాసన,
దూరంగా ఒక ఓడ కూత, అది మాత్రం విన్నాను.
సత్యవేణి ఎన్నిసార్లు లేచి ఉంటుంది
పొయ్యి మీద ఏదో వదిలేసి, తడిచేతులు తుడుచుకుంటూ?
పిలిచె. పిలిచె.
ఎల్లాజీ పెదాలు కదిలాయి.
నవ్వాడో, ఏమన్నాడో,
నా మంచి చెవి ప్లేటు వైపుంది.
అప్పుడు ఎత్తాను ముల్లు.

మళ్లీ ఆదివారం అడిగాను,
ఆ రోజు ఏమన్నావని.
లాంతరు తుడుస్తూ తలెత్తకుండా చెప్పాడు,
"తక్కువకిచ్చీసినానన్నాను."
అని, పెట్టె నావైపు జరిపి
గరిటెలన్నీ తీసి
వెనక దాచేశాడు.