ఎలాస్టిక్

హబ్సిగూడలో మూడో అంతస్తు,
ఏసీ గురక తప్ప ఇంకేమీ వినబడని గది.
మైనపు దిమ్మలో ఊపిరితిత్తి ముక్క,
చింతగింజంత.
దాన్ని నేను కోస్తాను,
ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా.
గోరువెచ్చని నీళ్ల మీద వాలి
ముడతలు విప్పుకుంటుంది పొర.
గాజుపలక మీదికి ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టాలి.
ఊపిరితిత్తిని చూడాలంటే ఊపిరి ఆపుకోవాలని
మా గదిలో ఓ పాత జోకు.

దిమ్మ మీద పేరుండదు. హెచ్-47.
పేరు నాకు తెలియకూడదు.
తెలుసు.
సంతకానికి ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రికి వెళ్లింది నేనే.

శివకాంత్. పంతొమ్మిదేళ్లు. ఆరడుగుల నాలుగంగుళాలు.
మంచం కమ్మీల్లోంచి పాదాలు బయటికి,
పక్కటెముకల మధ్య నుంచి గొట్టం మంచం కింది సీసాలోకి.
నీళ్లలో బుడగ లేచినప్పుడల్లా లెక్కపెడుతున్నాడు.
"ఉరకలే అక్కా, బరువు మొయ్యలే.
బస్సుల పై రాడ్ పట్టుకొని నిలవడ్డ, గంతే."
ఎత్తు చూసి వాలీబాల్ కోచ్ మురిసిపోయాడట.
వేళ్లు ఎవరూ చూడలేదు.
పిడికిలి మూస్తే
బొటనవేలు అటువైపు నుంచి తొంగిచూస్తుంది.

వాళ్లమ్మ మణెమ్మ, సుల్తాన్ బజార్ గల్లీలో
లంగాలకీ పిల్లల నిక్కర్లకీ ఎలాస్టిక్ ఎక్కిస్తుంది.
నేను వల్లెవేసుకున్న వాక్యాలు అప్పజెప్పాను:
పదిహేనో క్రోమోజోము, ఒక్క అక్షరం తారుమారు,
అల్లిక పట్టు తప్పడం...
ఆమె సంచీలోంచి బెత్తెడు ముక్క తీసింది.
"గిదేనా నువ్వు చెప్పేది?
కొత్తది గుంజితె మల్ల తన జాగకొస్తది.
పాతదైతె సాగుతది గని మర్లి రాదు.
గాలి తీసుకునుడు కాదు బిడ్డా,
ఇడిసినంక మర్లుడు కష్టమన్నట్టు."

నా ఆరేళ్ల చదువు
ఆమె రెండు వేళ్ల మధ్య సాగి, వదులుగా వేలాడింది.

కాసేపటికి తనే అంది:
"వీళ్ల నాయిన గూడ గిట్లనే పొడుగు, సన్నం.
ముప్పై నాలుగేండ్లకు, అన్నం కాడ కూసున్నోడు లేవలే.
గుండె అన్నరు.
ఆయన గడియారం వీని మణికట్టుకు సరిపోయిందని
నేను సంబురపడ్డ."
సంతకం పెట్టింది. నా పెన్ను నాకు తిరిగిచ్చింది.

రంగు పట్టాక సాగే పోగులన్నీ నల్లగా తేలతాయి.
మంచి ఊపిరితిత్తిలో
గాలిగది చుట్టూ తెగకుండా తిరిగే గీత.
హెచ్-47లో,
కుట్టు విప్పాక నేలంతా రాలిన దారపు తునకలు.
రిపోర్టులో ఉపమానాలు కుదరవు.
నలభై చోట్ల లెక్కపెట్టి అంకెలు రాశాను.
నూలు నాసిగా ఉండి తెగిందా,
ఎత్తైన ఛాతీ పైకొసన లాగి లాగి తెంపిందా?
అదే మా ప్రశ్న. జవాబు ఇంకా లేదు.
పరిశీలకుడి ఉత్తరంలో ఒకే వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు:
పదహారు నమూనాలు చాలవు.
అంటే ఇంకెందరో పిల్లలు
బస్సుల్లో నిలబడే
కుంగిపోవాలి నా పేపరు కోసం.

రాత్రి ఎనిమిదికి మెట్రో.
నా ఎదుట ఒకమ్మాయి, ఇంటర్ అనుకుంటా,
చెయ్యి పూర్తిగా చాచకుండానే పై కమ్మీ అందుకుంది.
మణికట్టు సన్నం. వేళ్లు,
వేళ్లు పొడుగు.
ఇయర్‌ఫోన్లలో ఏదో విని నవ్వుతోంది.
ఏమని మొదలుపెట్టను?
అమ్మా, ఒక్కసారి పిడికిలి ముయ్యమనా?
మీ నాన్న బాగున్నారా అనా?
పొడుగ్గా ఉండటం జబ్బు కాదు.
నూటికి తొంభైతొమ్మిది మంది ఉత్త పొడుగే,
నా కళ్లకే పట్టింది ఈ రోగం.
తార్నాక దాటింది.
కోటు జేబులో మణెమ్మ ఇచ్చిన ముక్క
వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ
మాట కూడదీసుకునేసరికి
మెట్టుగూడ, తలుపులు తెరుచుకున్నాయి.
తల కాస్త వంచి దిగిపోయింది.

నేనింకా ఊపిరి బిగబట్టే ఉన్నాను.