పన్నెండు వజ్రాలు

పొద్దుగాల అయిదున్నరకు
మహబూబ్‌నగర్ న్యూటౌన్ కాడ కంపెనీ బస్సెక్కితె
పోలేపల్లి గేటు దాకా నలభై నిమిషాలు.
ఆ నలభై నిమిషాలు మా బస్సు రెండు పార్టీలు.

ఎడమ దిక్కు సీట్లు నీల్‌వి.
చెయ్యి పట్టే ముందు "పట్టుకోనా" అని అడుగుతడు,
వద్దంటె నవ్వి, చాయ్ పెట్టుకొస్తడు.
కుడి దిక్కు జోరావర్‌ది.
అడగడు. తలుపు తంతడు.
వానల తడుసుకుంట వస్తడు,
వచ్చినంక గూడ కోపంగనే ఉంటడు.

ఇద్దరూ ఫోన్ల ఆటల మనుషులు.
నెత్తురు లేదు, రేషన్ కార్డు లేదు.
అయినా మొన్న జడ్చర్ల ఫ్లైఓవర్ మీద
ముబీనా, అలివేలు మాటలు బందు వెట్టిన్రు.
"అడగనోడు మొగోడెట్లయితడే?"
"అడిగెటోనికి ఆకలే లేదు, పో."

నాకు సమజ్ గాలె.
అలివేలు మొగడు నిజంగనే తలుపు తన్నెటోడు.
గొళ్లెం ఊడిన కాడ
ఇప్పటికీ సుతిలి తాడే కట్టి ఉన్నది.
అసొంటామె జోరావర్ దిక్కెట్ల నిలవడ్డది?
టిఫిన్ డబ్బా మూత తీస్కుంట
ఎవల్నీ జూడకుంట ఒకనాడు ఆమెనే అన్నది:
"వీని కోపం నా బొటనేలు కింద ఉంటది.
సాలనుకుంటె వత్తుత. ఆగుతడు.
ఆగే కోపం నేనెన్నడు జూడలె."

ముబీనాను ఇంట్ల అందరు మంచిగనే చూస్తరు.
ఏ కూర వండాల్నో చెప్తరు,
ఏ చున్నీ కప్పుకోవాల్నో చెప్తరు.
"నీకేం గావాలె" అన్న ఒక్క ముచ్చట
పన్నెండు వజ్రాలు వెట్టి
నీల్ కాడ కొనుక్కుంటది.
ఓవర్‌టైం పైసలు.

రాత్రి అధ్యాయం తెరుసుకున్నదంటె
ఇయర్‌ఫోన్లు, కొంగులు, వంగిన తలకాయలు.
రెండు పార్టీలు ఒక్క తీరుగ సప్పుడు జేయవు.
డ్రైవర్ బాలకిష్టయ్య అద్దంల జూసి
"ఏందమ్మా, అందరు పండుకున్నరా?" అంటడు.

తీర్పు చెప్పుమని నన్ను అడుగుతరు.
లైన్ మీద విరిగిన గోలీలు ఏరుడు నా పని గద,
తప్పు నా కంటికి దొరుకుతదని వాళ్ల నమ్మకం.
నాకైతె, చెప్పొద్దు గని,
రెండో భాగంల బస్టాండు కాడ
మక్క కంకులు కాల్చెటోడు నచ్చిండు.
"ఉప్పు ఎక్కువనా, తక్కువనా?"
గంతే వాని మాట.
వానికి పేరు వెట్టలె.
వాని దిక్కు పోయే తొవ్వ వెట్టలె,
ఎన్ని వజ్రాలున్నా.

గేటొచ్చింది. ఫోన్లు లాకర్ల వడ్డయి.
తెల్ల టోపీలు, మాస్కులు, నీలి చేతితొడుగులు;
కండ్లు తప్ప ఏం కనవడవు,
ఎవలు ఏ పార్టో తెల్వది.
ముబీనాకు వెనుక ముడి అందుతలేదు.
అలివేలు పోయి కట్టింది,
ఇంకా మాట్లాడకుంటనే.